భాష మారవచ్చు, మాట మారకూడదు

ఎన్నికలు వచ్చినా, ఉద్యమం లేచినా, జల్సా జరిగినా మన ఊళ్ళలో ముందు కట్టేది వేదిక, తర్వాత పెట్టేది మైకు. మైకు ముందుకు వచ్చిన ప్రతి వక్తా మొదట చేసే పని ఒక్కటే. ఎదురుగా కూర్చున్నవారికి తాను పరాయివాణ్ణి కానన్న నమ్మకం కలిగించడం. అందుకు అతని దగ్గర ఉన్న మొదటి సాధనం భాష. పల్లెలో పల్లె యాస, పాతబస్తీలో దక్కనీ, పట్టణంలో పత్రికల తెలుగు, ఢిల్లీలో హిందీ. ఇందులో తప్పేమీ లేదు. వినేవాడికి తెలిసిన భాషలో చెప్పడం వక్త ధర్మం. అయితే మన భాషలో మాట్లాడిన ప్రతివాడూ మన మేలు కోరేవాడేనా? మన యాసలో నాలుగు మాటలు పలకగానే మన మనసు అతని చేతిలో పెట్టేయవచ్చునా? ఈ ప్రశ్నను మన గడ్డ చరిత్ర నుంచీ, మన సమాజం అనుభవం నుంచీ తీసుకున్న ఉదాహరణలతో పరిశీలించదలిచాము.

బలాగత్ అంటే ఏమిటి?

మదరసాలలో అరబ్బీ వ్యాకరణం పూర్తి చేసిన విద్యార్థులకు ‘ఇల్మె బలాగత్’ అనే శాస్త్రం బోధిస్తారు. తఫ్తాజానీ రచించిన ‘ముఖ్తసరుల్ మఆనీ’ ఈ శాస్త్రంలో తరతరాలుగా పాఠ్యగ్రంథం. మేమూ అందులోనే ఓనమాలు దిద్దుకున్నాము. ఈ శాస్త్రం మొదటే రెండు మాటల మధ్య భేదం చూపిస్తుంది. ‘ఫసాహత్’ అంటే మాట స్వచ్ఛంగా, తేటగా, దోషం లేకుండా ఉండడం. ‘బలాగత్’ అంటే ఆ స్వచ్ఛమైన మాట సందర్భానికి తగినట్లు ఉండడం. దీనినే ‘ముఖ్తజాయె హాల్’ అంటారు. అంటే వినేవారి స్థితి ఏమి కోరుతుందో దానికి తగ్గట్టు మాట్లాడడం అన్నమాట.

ఉదాహరణకు, ఒక విషయం గురించి ఏ అభిప్రాయమూ లేనివాడికి దానిని సాదాగా చెబితే చాలు. సందేహిస్తున్నవాడికి కొంత నొక్కి చెప్పాలి. ససేమిరా ఒప్పుకోనివాడికి మరింత నొక్కి, రుజువుతో చెప్పాలి. విషయం ఒక్కటే అయినా చెప్పే తీరు ముగ్గురికీ మూడు విధాలు. వందల ఏళ్ళ కిందటే ఆ పండితులు శ్రోతను ఇంత లోతుగా చదివారు.

ఇక్కడ పాఠకులు ఒక్క విషయం గమనించాలి. శాస్త్రం చెప్పినది శ్రోత ‘హాల్’ గురించి, శ్రోత ‘ఖాహిష్’ గురించి కాదు. హాల్ అంటే స్థితి. ఖాహిష్ అంటే కోరిక. జ్వరంతో ఉన్న పిల్లవాడి ఖాహిష్ ఐస్‌క్రీం, హాల్ కోరేది చేదు మందు. శ్రోత స్థితిని చూసి మాట్లాడేవాడు వక్త. శ్రోత కోరికను చూసి మాట్లాడేవాడు చప్పట్ల వ్యాపారి. ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు, ఒకే యాస పలుకుతారు. అందుకే వారిని భాషను బట్టి వేరు చేయలేము.

సొంత భాషకున్న బలం

ముందుగా భాషకున్న న్యాయమైన బలం గురించి చెప్పుకోవాలి. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటర్‌లో సంఘసంస్కరణ మహాసభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షులు. మరాఠీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో కొందరు గేలి చేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధాని సభలో జరిగిన మర్యాద అది! ఆ రాత్రే కొందరు తెలుగువారు కూర్చుని ఆంధ్రజన సంఘానికి అంకురార్పణ చేశారు. అదే ముందుకు సాగి ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ నుంచే తెలంగాణ రైతాంగ పోరాటానికి నాయకులు వచ్చారు. మాట్లాడనివ్వని ఒక్క ఉపన్యాసం ఎంతటి చరిత్రకు కారణమైందో చూడండి. మనిషి నోట మాటను అవమానిస్తే ఆ మాట మాట్లాడే వారందరినీ అవమానించినట్లే.

సుమారు 80 ఏళ్ళకు, 2001 ఏప్రిల్ 27న, అదే నగరంలో కె. చంద్రశేఖరరావు తెలంగాణ రాష్ట్ర సమితిని స్థాపించారు. ఆయన ప్రసంగాలలోని విశేషం ఏమిటి? అంతవరకు తెలంగాణ యాస సినిమాలలో ఎక్కువగా విలన్‌కూ, హాస్యగాడికీ తప్ప కథానాయకుడికి అరుదుగానే దక్కింది. పాఠశాలలో పిల్లవాడు ఇంటి మాట మాట్లాడితే దిద్దేవారు. అలాంటి మాటను ఆయన వేల మంది ముందు, దాచకుండా, సామెతలతో, తిట్లతో, నవ్వులతో మాట్లాడారు. ‘జర’, ‘పరేషాన్’, ‘బేజార్’, ‘దవాఖాన’ వంటి ఉర్దూ పలుకులు ఆ యాసలో ముందే కలిసి ఉన్నాయి గనుక సభలో ఉన్న ముస్లిములకూ అది పరాయి భాషగా తోచలేదు. వినేవారికి కలిగిన సంతోషం సిద్ధాంతం వల్ల కాదు. ‘మా ఇంట్లో మాట్లాడే మాట వేదిక ఎక్కింది’ అన్న గౌరవం వల్ల. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడడానికి కారణాలు ఎన్నో ఉన్నాయి. ఆ కారణాలను పల్లె పల్లెకూ మోసినది మాత్రం ఆ యాసే.

అయితే ఇంటి భాషలో మాట్లాడితేనే జనం దగ్గరవుతారని అనుకోరాదు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు మాట్లాడినది ఎవరి ఇంటి భాషా కాదు. అది పౌరాణిక నాటకాల, సినిమాల సంభాషణల భాష. సమాసాలతో, నిండు గొంతుతో సాగేది. అయినా చైతన్యరథం మీద నుంచి ఆయన పలికిన ప్రతి మాటా పల్లెలకు అర్థమైంది. ఎందుకంటే ఆ భాషను వారు తెర మీద రాముడి నోట, కృష్ణుడి నోట ఎన్నో ఏళ్ళుగా విని ఉన్నారు. పైగా ఆయన చెప్పినది వారి స్థితికి తగిన మాట. అదే ఏడాది ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్‌గాంధీ పదిమందిలో మందలించిన తీరు తెలుగువారి మనసులో ములుకులా ఉండిపోయింది. ‘ఆత్మగౌరవం’ అన్న ఒక్క మాటతో రామారావు ఆ గాయాన్ని ముట్టుకున్నారు. కిలో రెండు రూపాయల బియ్యం అన్న మాటతో ఆకలిని ముట్టుకున్నారు. 1983 జనవరిలో 294 స్థానాల శాసనసభలో ఆయన పార్టీకి 200 దాటి వచ్చాయి.

యాసతో ఒకరు, గ్రాంథికంతో మరొకరు జనానికి దగ్గరయ్యారు. దీనిని బట్టి తేలేది ఏమంటే, భాష తలుపు తడుతుంది. తలుపు తెరుచుకునేది మాత్రం వినేవాడి కష్టం వక్తకు తెలుసునన్న నమ్మకంతోనే.

పలకరింపు వేరు, పలుకు వేరు

ఇప్పుడు మనం తరచుగా చూసే మరో దృశ్యం. ఢిల్లీ నుంచి నాయకుడు వస్తాడు. మొదట రెండు మూడు తెలుగు వాక్యాలు కాగితం చూసి చదువుతాడు. సభ చప్పట్లతో మారుమోగుతుంది. ఆ తర్వాత గంటసేపు ఆయన భాషలో ఆయన మాట్లాడతాడు, పక్కన అనువాదకుడు చెమటలు కక్కుతాడు. 2013 ఆగస్టులో హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియం సభలో నరేంద్ర మోదీ కూడా తెలుగు వాక్యాలతోనే మొదలుపెట్టారు. ఇది ఒక్క పార్టీ పద్ధతి కాదు. అన్ని పార్టీల జాతీయ నాయకులూ అనుసరించేదే.

మన సమాజం ముందుకు వచ్చేసరికి ఈ పలకరింపు రూపం మారుతుంది. రంజాన్ మాసంలో ఇఫ్తార్ విందులో ‘అస్సలాము అలైకుమ్’ అంటారు. తలమీద టోపీ వస్తుంది, భుజం మీద రుమాలు వస్తుంది. ఒక షేర్ చదువుతారు, అదీ తప్పుగా. మనవాళ్ళు ‘వాహ్ వా’ అంటారు. పలకరింపు మంచిదే, దానిని తిరస్కరించనక్కరలేదు. సలాముకు సలాం చెప్పడం మన మర్యాద. కానీ సలాం తర్వాత చెప్పిన మాట ఏమిటి? ఉర్దూ మీడియం బడులలో ఖాళీగా ఉన్న పంతుళ్ళ పోస్టుల గురించా? వక్ఫ్ భూముల గురించా? స్కాలర్‌షిప్ అందని పిల్లల గురించా? చాలాసార్లు ఇవేవీ ఉండవు. షేర్ గుర్తుంటుంది, హామీ గుర్తుండదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టసవరణ చేసి ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించింది. ఇది ఆహ్వానించవలసిన చర్య. కానీ ఒక భాషకు గౌరవం దక్కిందా లేదా అన్నది గెజిట్‌లో తేలదు. ఉర్దూలో అర్జీ పెట్టుకున్న ముసలమ్మకు ఉర్దూలో జవాబు వచ్చిన రోజున తేలుతుంది. వేదిక మీద మన భాష మాట్లాడినవారిని అడగవలసిన ప్రశ్న ఇదే. ‘అయ్యా, ఇదే భాష మీ కార్యాలయంలోనూ వినిపిస్తుందా?’

అనువాదం పని ఇప్పుడు యంత్రాలు కూడా చేస్తున్నాయి. 2023 డిసెంబరులో వారణాసిలో జరిగిన కాశీ తమిళ సంగమంలో ప్రధాని హిందీలో మాట్లాడుతుండగా ‘భాషిణి’ అనే కృత్రిమ మేధ వ్యవస్థ అప్పటికప్పుడు తమిళంలో వినిపించింది. రేపు ఏ నాయకుడైనా ఏ భాషలోనైనా మనతో మాట్లాడగలుగుతాడు. భాష నేర్చుకునే శ్రమ కూడా ఉండదు. అలాంటప్పుడు ‘మన భాష మాట్లాడాడు’ అన్న ఒక్క కారణంతో ఎవరినైనా నమ్మడం ఇంకెంత ప్రమాదమో ఆలోచించండి.

ఇద్దరు వక్తలు, రెండు దారులు

మరి నమ్మదగిన వక్తను గుర్తించడం ఎలా? మాకు తోచిన గీటురాయి ఒకటి ఉంది. ఒక సభలో ఒక జనం ముందు చెప్పిన మాటను అతడు మరో సభలో, మరో జనం ముందు, మరో భాషలో చెప్పగలడా? చెప్పగలిగితే అది మాట. చెప్పలేకపోతే అది ఎర.

ఈ గీటురాయి మీద మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ను పెట్టి చూద్దాం. 1940 మార్చిలో రాంగఢ్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభకు ఆయన అధ్యక్షులు. అదే నెలలో లాహోర్‌లో ముస్లిం లీగ్ ప్రత్యేక రాజ్యాల తీర్మానం చేసింది. రాంగఢ్‌లో ఎదురుగా ఉన్నవారిలో అత్యధికులు ముస్లిమేతరులు. వారిని సంతోషపెట్టాలంటే తన ముస్లిం గుర్తింపును కాస్త పక్కన పెట్టి మాట్లాడితే సరిపోయేది. ఆయన అలా చేయలేదు. తాను ముస్లిముననీ, ఇస్లాం 13 వందల ఏళ్ళ వారసత్వంలో రవ్వంతైనా వదులుకోననీ స్పష్టంగా చెప్పారు. ఆ తర్వాత, అంతే గర్వంగా, తాను భారతీయుణ్ణనీ, విడదీయరాని ఈ జాతిలో భాగాన్ననీ చెప్పారు.

ఏడేళ్ళు గడిచాయి. 1947 అక్టోబరు. దేశం చీలింది. ఢిల్లీలో నెత్తురు పారుతున్నది. పురానా ఖిలాలో, హుమాయూన్ సమాధి ఆవరణలో వేలాది ముస్లిములు పాకిస్తాన్ రైళ్ళ కోసం ఎదురు చూస్తున్నారు. జామా మసీదులో ఆజాద్ మాట్లాడారు. ఈసారి ఎదురుగా ఉన్నవారంతా తనవారే, అంతా భయంలో ఉన్నారు. ఓదార్పు మాటలు చెప్పి పంపవచ్చు. ఆయన ముందు నిష్ఠూరమాడారు. నేను పిలిచినప్పుడు మీరు వినలేదు అన్నారు. తర్వాత మసీదు మీనార్లను చూపించారు, యమున ఒడ్డున పూర్వీకులు వజూ చేసిన సంగతి గుర్తు చేశారు. ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు అని అడిగారు. ఈ దేశం మనది, దీని భవిష్యత్తు గురించిన నిర్ణయాలు మనం లేకుండా పూర్తి కావు అన్న సారాంశంతో ధైర్యం చెప్పారు.

గమనించండి. ఆజాద్ ఉర్దూ బజారు ఉర్దూ కాదు. అరబ్బీ, ఫారసీ పలుకులతో నిండిన గంభీరమైన భాష. అయినా వణుకుతున్న ఆ జనానికి అది చేరింది. ఏమంటే ఆయన వారి హాల్ చూసి మాట్లాడారు, ఖాహిష్ చూసి కాదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. రాంగఢ్‌లో చెప్పినదీ, జామా మసీదులో చెప్పినదీ ఒక్కటే మాట. ముస్లిమేతరుల ముందు తన ఇస్లాంను దాచలేదు. ముస్లిముల ముందు తన భారతీయతను దాచలేదు. ఎవరికి ఏది వినడం కష్టమో వారికి అదే చెప్పారు. ఇదీ బలాగత్ అంటే.

రెండవ దారి మన హైదరాబాదుదే. దీని గురించి మన పెద్దలు ఇళ్ళలో మాట్లాడారు గాని వేదికల మీద తక్కువగా మాట్లాడారు. 1940ల చివర మజ్లిస్ నాయకత్వం చేపట్టిన ఖాసిం రజ్వీ లాతూరు న్యాయవాది, ఆవేశంగా మాట్లాడేవాడు. హైదరాబాదు రాజ్యంలో ముస్లిములు సుమారు ఎనిమిదో వంతు. అధికారం చేజారుతున్నదన్న భయం వారిలో ఉన్నది. ఆ భయానికి ధైర్యం కావాలి, ఆలోచన కావాలి, పొరుగువారితో రాజీ కావాలి. రజ్వీ ఇచ్చింది కైపు. ఎర్రకోట మీద ఆసఫ్‌జాహీ పతాకం ఎగురుతుందన్న ధోరణిలో ఆయన ప్రసంగాలు సాగినట్లు ఆనాటి కథనాలు చెబుతాయి. ఆ మాటలను ఆయన ఓరుగల్లు రైతు ముందు తెలుగులో చెప్పగలిగేవాడా? ఔరంగాబాదు రైతు ముందు మరాఠీలో చెప్పగలిగేవాడా? చెప్పలేడు. ఎందుకంటే అవి అవతలివారిని ఒప్పించడానికి పుట్టిన మాటలు కావు, ఇవతలివారిని ఊపడానికి పుట్టిన మాటలు.

ఫలితం అందరికీ తెలిసినదే. రజాకార్ల చేతిలో బైరాన్‌పల్లి వంటి పల్లెలు రక్తసిక్తమయ్యాయి. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. అయిదు రోజులలో కథ ముగిసింది. ఆ తర్వాత జిల్లాలలో జరిగిన హింసలో అమాయక ముస్లిములు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారు పర్యటించి ఇచ్చిన నివేదిక, చనిపోయినవారి సంఖ్యను 27 వేల నుంచి 40 వేల మధ్య అంచనా వేసింది. వారిలో ఎంతోమంది రజ్వీ ఉపన్యాసం ఒక్కటీ విని ఉండని కూలీలు, దర్జీలు, సాయిబులు. రజ్వీ మాత్రం జైలు నుంచి విడుదలై 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఉపన్యాసం చేసినవాడు ఒకడు, చప్పట్లు కొట్టినవారు కొందరు, మూల్యం చెల్లించినవారు ఇంకెవరో!

అదే కాలంలో, అదే నగరంలో, అదే ఉర్దూలో షోయబుల్లాఖాన్ ‘ఇమ్రోజ్’ పత్రిక నడిపాడు. తనవారు వినడానికి ఇష్టపడని నిజాన్ని తనవారి భాషలోనే రాశాడు. 1948 ఆగస్టులో ఆ యువకుణ్ణి నరికి చంపారు. ఇద్దరిదీ ఉర్దూయే. ఒకరు ఆ భాషతో తనవారిని మత్తులో ముంచారు. మరొకరు ఆ భాషతో తనవారిని మేల్కొలపబోయి ప్రాణమిచ్చారు. కనుక భాషను నిందించవద్దు, భాషను చూసి మురిసిపోవద్దు.

ఒక్క మాట మారితే

మాట ఒక భాష నుంచి మరో భాషకు, ఒక నోటి నుంచి మరో నోటికి వెళ్ళేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో 1938లో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. దేవ్‌బంద్ దారుల్ ఉలూం అధ్యాపకులు మౌలానా హుస్సేన్ అహ్మద్ మదనీ ఢిల్లీ సభలో మాట్లాడుతూ, ఈ కాలంలో ‘కౌమ్’లు వతన్‌ను బట్టి, అంటే స్వదేశాన్ని బట్టి ఏర్పడుతున్నాయన్నారు. కొన్ని పత్రికలు ‘కౌమ్’ తీసి ‘మిల్లత్’ పెట్టాయి. మిల్లత్ అంటే ధర్మసమాజం. అర్థం తలకిందులైంది. మహాకవి ఇక్బాల్ తీవ్రంగా విమర్శిస్తూ పద్యం రాశారు. మదనీ తాను అన్నది ఏమిటో వివరించిన తర్వాత ఇక్బాల్ ఆ వివరణను స్వీకరించారు. కానీ పద్యం మిగిలింది, వివరణ మరుగున పడింది. ఇప్పటికీ ఆ పద్యం తెలిసినవారిలో చాలామందికి ఆ వివరణ సంగతి తెలియదు.

‘కౌమ్’ అన్న పదాన్నే తీసుకోండి. ఉర్దూ వక్త దానిని ఒకసారి జాతి అన్న అర్థంలో, మరోసారి సమాజం అన్న అర్థంలో వాడతాడు. తెలుగులో విలేకరి రాసేటప్పుడు ఏది ఎంచుకుంటాడో అదే మర్నాడు వార్త. ‘సెక్యులర్’ అన్న మాటను తెలుగులో ‘లౌకిక’ అంటాము. ఉర్దూలో కొందరు ‘లాదీనీ’ అంటారు, అంటే మతం లేనిది. ఒకే రాజ్యాంగం గురించి తెలుగు శ్రోత ఒకటి, ఉర్దూ శ్రోత మరొకటి అనుకుని ఇంటికి పోతారు. ‘జిహాద్’ సంగతి చెప్పనే అక్కరలేదు. సత్కార్యం కోసం చేసే పాటు అన్న విశాలమైన అర్థాన్ని అనువాదాలు యుద్ధం ఒక్కదానికే కుదించేశాయి. వక్తకు ఈ తేడాలు తెలియాలి. తెలిసి కూడా తనకు అనుకూలంగా వాడుకుంటే అది పాండిత్యం కాదు, మోసం.

1938లో పత్రిక చేసిన పని ఈనాడు ప్రతి చేతిలో ఉన్న సెల్‌ఫోన్ చేస్తున్నది. గంట ఉపన్యాసంలో అర నిమిషం కత్తిరించి, కింద ఇంకో భాషలో అక్షరాలు వేసి వదులుతారు. నిన్నటిదాకా వక్తకు ఎదురుగా ఉన్న సభ ఒక్కటే సభ. ఇప్పుడు గల్లీలో చేసిన ప్రసంగం గంటలోపు గల్ఫ్‌లో వింటున్నారు. ‘మనలో మనం’ అనుకుని చెప్పే మాట అంటూ ఇక లేదు. ఇది ఒక విధంగా కష్టమే గాని మరో విధంగా మేలు కూడా. నాలుకలు రెండు ఉన్నవారు దాక్కునే చోటు తగ్గిపోయింది.

చట్టం ఒక హద్దు గీసింది. మతం, కులం, భాష పేరుతో ఓట్లు అడగడం అవినీతి చర్య అని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతున్నది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తీర్పుతో విస్తరించింది. ద్వేషపూరిత ప్రసంగాలపై ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా కేసులు పెట్టాలని 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది. అయినా అలాంటి ప్రసంగాలు ఆగలేదు. పోలీసు ఆపగలిగేది వక్త నోటిని. చప్పట్లను ఆపవలసింది మనమే. చప్పట్లు లేని వేదిక మీద ద్వేషం ఎక్కువసేపు నిలబడదు.

మన మింబర్ నుంచే మొదలుపెడదాం

ఇతరులకు చెప్పేముందు మన ఇల్లు చూసుకోవాలి. ప్రతి శుక్రవారం మన మసీదులలో ప్రసంగాలు జరుగుతాయి. ఖుత్బాకు ముందు జరిగే బయాన్ చాలాచోట్ల ఉర్దూలోనే. కానీ మన తెలుగు నేల మీద ఇంటి భాష తెలుగే అయిన ముస్లిములు లక్షలలో ఉన్నారు. నూర్‌బాషా సోదరులు ఉన్నారు, పల్లెల్లో పుట్టి పెరిగినవారు ఉన్నారు, ఇంగ్లీషు మీడియం చదివి ఉర్దూ అక్షరం రాని పిల్లలు ఉన్నారు. వారు తలలు వంచి కూర్చుంటారు, ‘ఆమీన్’ అంటారు, లేచి వెళ్తారు. ఏమి విన్నారని అడిగితే చెప్పలేరు. ప్రవక్తలందరినీ వారి వారి జాతుల భాషతోనే పంపినట్లు ఖురాన్ తెలుపుతున్నది. మూసా ప్రవక్త తన కంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా ఇమ్మని వేడుకున్న వృత్తాంతం మనకు తెలిసినదే. సందేశం చేరడమే ముఖ్యం గాని చెప్పేవాడి గొప్ప ముఖ్యం కాదన్న పాఠం అందులో ఉంది.

మా దగ్గర చదువుకుని బయాన్ చేయడానికి వెళ్ళే విద్యార్థులకు మేము ఒక అభ్యాసం చెబుతుంటాము. ఉర్దూలో రాసుకున్న ప్రసంగాన్ని ముందు తెలుగులోకి మార్చి చూడు. మసీదు పక్కన కిరాణా కొట్టు నడిపే హిందూ సోదరుడు నీ ముందు కూర్చున్నాడనుకుని చదువు. ఏ వాక్యం దగ్గర నీ నోరు తడబడిందో ఆ వాక్యాన్ని మళ్ళీ పరీక్షించు. అది నిజమే అయి, చెప్పే తీరు మోటుగా ఉంటే తీరు మార్చు. అది కోపం నుంచి పుట్టినదైతే తీసివెయ్. రెండు భాషల్లో నిలబడిన వాక్యం మాత్రమే మింబర్ మీదికి తీసుకువెళ్ళు. ఈ అభ్యాసం రాజకీయ నాయకులకూ పనికివస్తుంది. గుడిలో మాట్లాడేవారికీ, చర్చిలో మాట్లాడేవారికీ పనికివస్తుంది.

ఇక శ్రోతలుగా మనం చేయవలసినవి కూడా ఉన్నాయి. వక్త ఏ భాషలో మాట్లాడాడన్నది కాక ఏమి చెప్పాడన్నది ఇంటికి వెళ్ళి ఒక్క వాక్యంలో చెప్పి చూడాలి. ఒళ్ళు పులకరించింది గాని చెప్పడానికి ఏమీ లేదంటే అది కైపు. అతడు మనకు ఇష్టం లేని మాట ఒక్కటైనా చెప్పాడా అని చూడాలి. ఒక్కటీ లేదంటే అతడు మన హాల్ చూడలేదు, ఖాహిష్ మాత్రమే చూశాడు. ఇదే మాట వేరే జనం ముందు చెప్పాడా అని విచారించాలి. కత్తిరించిన ముక్క వస్తే పూర్తి ప్రసంగం వినేదాకా మరొకరికి పంపరాదు. విన్నదంతా చెప్పుకుంటూ తిరగడమే మనిషి అబద్ధాలకోరు అనడానికి చాలన్న ప్రవక్త ముహమ్మద్ (సఅసం) హితవు మనకు ఉండనే ఉంది.

భాష దైవమిచ్చిన వరం. ఉర్దూ ఒకరిది, తెలుగు ఒకరిది అని పంచుకోవలసినది కాదు. హస్రత్ మొహానీ నోట పుట్టిన ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ ఈ రోజు తెలుగు కూలీల ఊరేగింపులోనూ వినిపిస్తుంది. దానిని ఎవరూ అనువదించమని అడగలేదు. ఎందుకంటే ఆ మాటలో దాచినది ఏమీ లేదు. అలాంటి మాట ఏ భాషలో పుట్టినా అందరిదీ అవుతుంది. ఒకరి చెవిలో తేనె, మరొకరి చెవిలో విషం అయ్యే మాట ఎంత తీయని భాషలో చెప్పినా విషమే. రేపు మన ఊళ్ళో మైకు పెట్టినప్పుడు, వేదిక ఎక్కినవాడు మన భాషలో మనల్ని పలకరించినప్పుడు, సలాముకు సలాం చెబుదాం. ఆ తర్వాత నిదానంగా కూర్చుని మాట విందాం.